మార్త మోసిన బరువు

1982, మే నెల. నంద్యాలలో ఒక సాంకేతిక కళాశాల వెనకాల, రేకుల షెడ్డులో మా మెటీరియల్స్ లాబ్ ఉండేది. నేను అందులో ఇన్‌స్ట్రక్టర్ని. నీ పనేమిటని ఎవరైనా అడిగితే "విరగ్గొట్టడం" అని చెప్పేవాడిని. ఇటుకలు, కాంక్రీటు దిమ్మెలు, టేకు చెక్కలు, ఇనుప కమ్మీలు, ఏది తెచ్చినా విరిగేదాకా నొక్కడం, ఎంత బరువుకు విరిగిందో రాసివ్వడం, అంతే. ఇంట్లో గాజు గ్లాసు పగిలినప్పుడల్లా మా ఆవిడ "బరువెంతో రాసుకోండి" అని ఎత్తిపొడిచేది. నాకు కోపం ఎక్కువని పేరు. మే నెలలో రేకుల షెడ్డు కింద ఎనిమిది గంటలు నిలబడితే ఎవరికైనా వస్తుంది.

మా పనిలో ఎక్కువగా తేల్చవలసింది ఫ్లెక్సురల్ స్ట్రెంత్, అంటే వంచినప్పుడు తట్టుకునే బలం. ఒక బండను రెండు చివర్లా ఆనించి మధ్యలో బరువు పెట్టారనుకోండి. పైభాగం నొక్కుకుంటుంది. దాన్ని కంప్రెషన్ అంటాం. కిందిభాగం సాగుతుంది. అది టెన్షన్. రాయి నొక్కుడుకు లొంగదు, సాగుడుకు మాత్రం అసలు ఓర్చుకోదు. అందుకే రాతిబండ విరిగితే అడుగు నుంచే, అదీ నడిమధ్య నుంచే విరుగుతుంది. ఇనుము ముందు వంగి హెచ్చరిస్తుంది, కర్ర కిర్రుమంటుంది. రాయి మాత్రం ఏ సూచనా ఇవ్వదు. ముందు నిమిషం దాకా నిక్షేపంలా ఉంటుంది, మరునిమిషం కింద పడి ఉంటుంది.

మా వైపు ఇళ్లకు కప్పు అంటే నాపబండే. అందుకని ఆ రోజుల్లో మా లాబ్‌లో నాపబండల మీద ఒక పరిశోధన నడుస్తుండేది. బండ అడుగున ఫైబర్ గ్లాస్ అనే గాజునార పట్టీని రెసిన్ అనే జిగురుతో అంటించి, బలం ఎంత పెరుగుతుందో చూసేవాళ్లం. ఇలా రెండు వేర్వేరు పదార్థాలు కలిసి ఒకటిగా బరువు మోస్తే ఆ బండను కాంపోజిట్ అంటారు. రెసిన్ వాసనకు తల పగిలిపోయేది గానీ ఫలితాలు బాగా వస్తుండేవి.

సరిగ్గా ఆ పనిలో ఉండగా దేవదానం వచ్చాడు. ఆళ్లగడ్డకు దగ్గర్లో ఒక పల్లె ఆయనది. అక్కడి ప్రార్థన మందిరానికి సంఘపెద్ద. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, మాటలో పెద్దరికం. వచ్చీరాగానే విషయం చెప్పాడు.

"మా గుడి మిద్దె కారుతాండాది సార్. వానలు పడకముందే పైన ఇంకో వరస గచ్చు ఎయ్యాల. పనోళ్లను కుదుర్చుకున్యాం. మిద్దె తట్టుకుంటాదని ఒక కాయితం రాసియ్యండి."

"మిద్దెను చూడకుండా కాగితం ఎట్లా రాసేది?"

"నాపబండ సార్. ఎవురికి తెల్దు నాపబండ?"

"తెలిసిందాన్నే చూడాలి" అని, మరుసటి రోజు ఆళ్లగడ్డ బస్సెక్కాను.

మందిరం చిన్నది. పొడవాటి ఒకే గది. గోడ నుంచి గోడకు ఇనుప గర్డర్లు, వాటి మీద నాపబండలు, పైన సున్నపు గచ్చు. ఆదివారం ప్రార్థన, మిగతా రోజుల్లో ఆ గదిలోనే పిల్లల బడి. సెలవులు కాబట్టి పలకలు, చాపలు ఓ మూలన పేర్చి ఉన్నాయి. తలెత్తి చూశాను. కప్పు నిండా పేర్లు.

ఆ ఊరి ఆనవాయితీ అది. మందిరం కట్టేటప్పుడు, అంతకుముందు ఎవరింట్లో మనిషి పోయారో ఆ ఇంటివాళ్లు ఒక బండ ఇచ్చారు. పోయినవాళ్ల పేరు దాని అడుగున, సరిగ్గా మధ్యలో చెక్కించారు. ప్రార్థనలో తలెత్తితే మనవాళ్లు కనబడాలని. అందంగా ఉంది, కాదనను. ప్రతి పేరు కిందా బండ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక గీత కూడా చెక్కి ఉంది, చీరకు అంచు కుట్టినట్టు. ఎక్కడైతే రాయి సాగుడుకు ఓర్చుకోలేదో, వరసగా ప్రతి బండకూ సరిగ్గా అక్కడే ఉలి పెట్టారు.

మూల బండకు ఆ గీత వెంబడి వెంట్రుకంత పగులు కనబడింది. నిచ్చెన వేయించుకుని ఎక్కి గోరుతో తడిమాను. నిజమే.

"ఇవి చెక్కిందెవరు?" అని దిగుతూ అడిగాను.

ఆళ్లగడ్డ శిల్పి ఓబులాచారిని పిలిపించారు. అరవై దాటిన మనిషి, చేతులు రాతిపొడితో తెల్లబారి ఉన్నాయి. సంగతి వినగానే ముఖం గంటు పెట్టుకున్నాడు.

"నా ఉలి వల్ల బండ పగిలిందంటావా సార్? దేవుళ్లను చెక్కే చెయ్యి ఇది. వేలెడు లోతు కూడా లేదు ఆ గీత. అర్ధగోరు ఉంటాది."

"అర్ధగోరే ఆచారీ. ఆ అర్ధగోరు ఎక్కడుందనేదే నా బాధ."

"నీ పుస్తకంలో ఏముండాదో నాకు తెల్దు. నా రాయి నాకు తెల్సు."

దేవదానం నా వైపు చూసి, "ఆరేండ్లాయ సార్ కట్టి, ఒక్క రాయన్నా కింద పడిందా?" అన్నాడు. పడేదాకా ఆగుదామా అని నోటిదాకా వచ్చింది. మింగాను. మిద్దె మీద గచ్చు వేయవద్దనీ, బడి తెరవవద్దనీ చెప్పి, మందిరం వెనక ఆనించి ఉన్న రెండు ఖాళీ బండలను లారీలో నంద్యాలకు పంపమన్నాను.

వాటిలో ఒకదాన్ని ఉన్నదున్నట్టు పరీక్షించాను. ఊరివాళ్లకు తెలిసే లెక్కలో చెప్పాలంటే, పదహారు జొన్నమూటల బరువుకు విరిగింది. రెండో దాని మీద ఓబులాచారి చేతనే పేరూ గీతా చెక్కించి పరీక్షించాను. పది మూటలు కూడా మోయలేదు. నాకు సంగతి తేలిపోయింది. ఆ కబురు పట్టుకుని ఊరికి వెళ్తే పెద్దలంతా చాపల మీద కూర్చుని విన్నారు. విని, ఒప్పుకోలేదు.

"అవి మొన్న తెచ్చినవి, వేరే గనివి సార్," అన్నాడు దేవదానం. "మిద్దె మీద రాళ్లు పాత గనివి. గట్టి పొర. ఇప్పుడా గనిలో నీళ్లు నిండినాయి, రాయి దొరకదు. మా రాయి వేరు."

అడ్డం పెట్టడానికి అన్నాడు గానీ, మాటలో న్యాయం ఉంది. నాపరాయి ఒక్కో పొర ఒక్కో రకం. పక్కపక్క గనుల రాళ్లకే పొంతన ఉండదు. నేను పరీక్షించింది ఆ కప్పు రాయి కాదు.

"అట్లయితే కప్పులోనిదే ఒకటి దించండి. విరగ్గొట్టి చూద్దాం."

అక్కడ కూర్చున్న ప్రతి మనిషికీ పైన ఒక బండ ఉంది. ఒకాయన తండ్రిది, ఒకాయన అన్నది. పగులున్న బండ ఇస్తామన్నారు. అది ఎటూ చెడింది, దాంతో తేలేదేమీ లేదన్నాను. బాగున్నదే కావాలి. మనిషి పేరు పెట్టిన రాయిని మిషన్ కింద పెట్టి విరుస్తారా అని ఒకాయన నన్ను నిలదీశాడు. నాకూ చిర్రెత్తుకొచ్చింది. "పిల్లల మీద పడితే పర్లేదా?" అన్నాను. అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోను.

అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న ముసలామె లేచింది. పేరు రూతమ్మ. కూలికి పోయే మనిషి.

"నా బిడ్డది తీసుకోప్పా," అంది.

ఆమె కూతురు మార్త. కాన్పులో పోయింది. పుట్టిన పిల్ల బతికింది. ఆ పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి, బడి తెరిస్తే ఈ గదిలోనే కూర్చుంటుంది. ఇది దేవదానమే నాకు నెమ్మదిగా చెప్పాడు. రూతమ్మ ఆ బండ కోసం ఎన్ని కోతలకు పోయిందో కూడా చెప్పబోయాడు. ఆమె ఆపింది.

"అవన్నీ ఎందుకు? బిడ్డ ఎట్లాగూ పోయింది. దాని బిడ్డ ఉండాది. ఆ పిల్ల కూర్చునేది ఈడనే."

"రూతమ్మా, ఒకసారి విరిగినాక మళ్లీ అతకదు," అన్నాను.

"తెల్సు. నేనూ వస్తా. నేను లేకుండా చేయొద్దు."

గచ్చు తవ్వి బండను దించడానికి ఒక పూట పట్టింది. లారీలో గడ్డి పరిచి, పేరు పైకి కనబడేలా పడుకోబెట్టారు. నంద్యాల దాకా రూతమ్మ ఆ బండ పక్కనే కూర్చుని వచ్చింది. లాబ్‌లో దించేటప్పుడు చూశాను, అక్షరాల్లో సున్నం దుమ్మంతా శుభ్రంగా తుడిచి ఉంది. కొంగు తెల్లగా అయిపోయింది.

నిలువెత్తు బండ మా మామూలు మిషన్లో పట్టదు. దానికి వేరే లోడింగ్ ఫ్రేమ్ ఉండేది. రెండు ఇనుప రోలర్ల మీద బండ చివర్లు ఆనిస్తాం. పైనుంచి హైడ్రాలిక్ జాక్‌తో, అంటే నూనె ఒత్తిడితో పనిచేసే జాకీతో, నొక్కుతాం. మధ్యలో ప్రూవింగ్ రింగ్ అనే ఉక్కు వలయం ఎంత బరువు పడుతున్నదో చూపుతుంది. బండ అడుగున డయల్ గేజ్ అనే చిన్న గడియారం పెడతాం. బండ ఎంత కిందికి వంగిందో దాని ముల్లు చెబుతుంది. కప్పులో ఉన్నట్టే పేరును కిందికి తిప్పి బిగించాను. దేవదానం, ఓబులాచారి ఒకవైపు నిలబడ్డారు. రూతమ్మకు స్టూలు వేశాను. కూర్చోలేదు.

"ఎంత మోయాల్నో ముందే చెప్పు సార్," అన్నాడు దేవదానం.

"ఇప్పుడున్న గచ్చుకు మూడు మూటల లెక్క. కొత్త గచ్చు, పైకెక్కే మనుషులు కలిస్తే అయిదు."

జాక్ కొట్టడం మొదలుపెట్టాను. ఒక మూట. రెండు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి గేజ్ చూసి రాసుకోవాలి. అదే అన్నిటికన్నా కష్టం, ఆగడం. ఆగినప్పుడే షెడ్డులో ఎవరి ఊపిరి వాళ్లకు వినబడుతుంది. మూడు మూటలు దాటాయి. ముల్లు సాఫీగానే కదులుతోంది. నాలుగు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. అయిదు.

బండ నిలబడింది.

"సాలు సార్," అని దేవదానం ముందుకొచ్చాడు. ఆయన ముఖం విప్పారింది. "అయిదు అన్నారు, మోసింది గదా. ఆపండి. రాయి బాగుండాది. తీస్కపోయి మల్లా ఎక్కిస్తాం. ఆ యమ్మ బిడ్డ పేరు దక్కుతాది."

నా చెయ్యి జాక్ పిడి మీదే ఉంది. ఆపితే ఏమవుతుంది? బండ దక్కుతుంది, రూతమ్మకు పేరు దక్కుతుంది, వీళ్లకు కాగితం దక్కుతుంది. నాకు ఆ క్షణం ఆపాలనే అనిపించింది, ఇప్పుడైనా దాచడమెందుకు. కానీ అయిదు మోసిందని తెలిసిందే తప్ప ఇంకెంత మోస్తుందో తెలియదు. పదిహేను మోసే బండ అయితే కప్పు నూరేళ్లు ఉంటుంది. ఆరుతో ఆగేదయితే ఒక ఎండాకాలం, ఒక జడివాన, పైకెక్కి నడిచే నలుగురు చాలు. విరిగే బరువుకూ వాడకంలో పడే బరువుకూ నడుమ ఉండే ఆ ఎడాన్ని మేం ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అంటాం. ఎడం ఎంతో తెలియాలంటే చివరిదాకా పోవాల్సిందే. ఇదంతా చెప్పాను. దేవదానానికి కాదు, రూతమ్మకు.

"ఆపమంటావా అమ్మా? నువ్వు ఆపమంటే ఆపుతా. కానీ కాగితం రాయను."

ఆమె బండకేసి చూసింది.

"నా మనవరాలు దాని కింద కూర్చుంటాది," అంది. "సూడప్పా."

పిడి మళ్లీ కొట్టాను. అయిదున్నర. గేజ్ ముల్లు ఒకసారి ఉలిక్కిపడి నిలబడింది. ఓబులాచారి వంగి బండ కిందికి చూస్తున్నాడు, "దూరం జరుగు ఆచారీ" అని అరిచాను. ఆరు దాటీ దాటగానే బండ విరిగింది. పెద్ద చప్పుడేం కాదు. మందపాటి పలక పగిలినంత. రెండు ముక్కలూ కింద పరిచిన ఇసుక మీద పడ్డాయి.

తర్వాత ఓబులాచారి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని ఒక ముక్కను వెల్లకిల తిప్పాడు. పగులు ఎక్కడా పక్కకు పోలేదు. మార్త పేరు కింద చెక్కిన గీత వెంబడే, కత్తితో కోసినట్టు, ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయింది. పేరు మొత్తంగా ఒక ముక్క మీదే మిగిలింది. ఆయన ఆ అంచును బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు.

"బండను రెండు చేయాలంటే మేం ఏం చేస్తాం సార్," అన్నాడు చివరికి. "అంచు నుంచి అంచుకు ఉలితో ఇట్లే ఒక గీత గీస్తాం. తిప్పేసి పైనుంచి ఒక దెబ్బ కొడతాం. గీత కాడికి విరుగుతాది. మా నాయన నేర్పించిన మొదటి పని అదే. దినామూ చేస్తాండా. ఆడ పేరు కింద గీసేటప్పుడు నాకు తోచనే లేదు."

నాకు కూడా ఆ పోలిక తట్టలేదు. టెన్షన్ అనీ కంప్రెషన్ అనీ పుస్తకం భాషలో చెప్పుకుంటూ పోయాను. ఆయన చేతుల్లో ఉన్న మాటతో చెప్పి ఉంటే మొదటి రోజే అర్థమయ్యేది. నామీద ఆయనకున్న కోపమంతా ఆ నిమిషంలో పోయింది. నాకే ఆయన ముఖం చూడటం కష్టమైంది.

రూతమ్మ ఏడవలేదు. దగ్గరికి వచ్చి అడిగింది.

"ఎంత మోసిందప్పా నా బిడ్డ?"

ప్రూవింగ్ రింగ్ అంకె కిలోల్లో చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"మూటల్లో చెప్పు."

"ఆరు మూటలు దాటి మోసింది."

"ఆరు మూటలు," అని తనలో తాను అనుకుంది. "మోసింది పాపం." అప్పుడు కూర్చుంది స్టూలు మీద.

ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. పేర్లున్న కప్పును విప్పకుండా ఎట్లా నిలబెట్టాలన్నదే మిగిలింది. బండల మధ్యలో ఒక దూలం పెడితే సులువే, కానీ సరిగ్గా పేర్ల మీదే పడుతుంది. మధ్యలో ఒకటి కాకుండా, పేర్లకు ఇటొకటీ అటొకటీ రెండు పాత రైలుపట్టాలు బిగించమన్నాను. ఆనుకునే చోట్ల నడుమ దూరం, అంటే స్పాన్, మూడో వంతుకు తగ్గింది. స్పాన్ తగ్గితే వంపు దానికి ఎన్నో రెట్లు తగ్గుతుంది. పేర్లు పట్టాల నడుమ ఎప్పటిలాగే కనబడతాయి. పగిలిన మూలబండను పేరున్నంత మేర గోడలో పొదిగించి, దాని చోట కొత్త బండ వేసి ఆ పేరే రంగుతో రాయించారు. పైన గచ్చు పాతది గీకించి, ఒకే పలుచటి వరస వేయించాను. పట్టాలు బిగించే ప్రతి రోజూ ఓబులాచారి అక్కడే ఉన్నాడు. పిలవకుండానే వచ్చేవాడు.

మార్త బండ తీసినచోట ఖాళీ మిగిలింది. మా పరిశోధనలో బాగా నిలిచిన కొలతతో, అడుగున గాజునార పట్టీ అంటించిన బండ ఒకటి లాబ్‌లో తయారుచేశాం. మా షెడ్డు దాటి నిజమైన కప్పుకు ఎక్కిన మొదటి కాంపోజిట్ బండ అదే. ఎక్కించే ముందు ఓబులాచారి రంగూ కుంచే తెచ్చాడు.

"ఉలి పెట్టన్లే. రంగుతో రాస్తా. నీ బిడ్డ పేరు పెద్దగా రాస్తా రూతమ్మా," అన్నాడు.

"ఒద్దన్నా," అంది ఆమె.

"పేరు లేకుంటే ఎట్ల?"

"అందరి రాళ్ల మీదా పేర్లుండాయి. లేనిది ఇది ఒక్కటే. ఎవురిదని ఎవురన్నా అడుగుతారు గదా. చెప్తారులే."

మార్త పేరున్న ముక్కను మాత్రం ఓబులాచారి తన చేత్తో అంచులు నునుపు చేసి తీసుకెళ్లి రూతమ్మ ఇంటి గోడకు నిలబెట్టి వచ్చాడు.

తర్వాత మూడు నాలుగేళ్లకు వేరే పని మీద ఆళ్లగడ్డ పోయి, దారిలో ఆ పల్లెలో దిగాను. బడి జరుగుతోంది. పట్టాలు గట్టిగా ఉన్నాయో లేదో చూద్దామని తలెత్తి నడుస్తుంటే, చాప మీద కూర్చున్న ఒక ఆడపిల్ల, నేనేదో వెతుకుతున్నానని అనుకుంది కాబోలు, వేలు పెట్టి చూపించింది.

"ఆడ పేరు లేని బండ ఉండాదే, అది మా యమ్మది సార్," అంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు పిల్లలకు లాబ్‌లో పాఠం చెప్పాను. పుస్తకం వెనక పట్టికలుంటాయి. ఏ రాయి ఎంత, ఏ కర్ర ఎంత, ఏ కాంక్రీటు ఎంత అని వరసగా అంకెలు. ఆ ఆళ్లగడ్డ పని కాకముందు నాకూ అవి అంకెలే. అది అయినాక ఆ పేజీ తెరిచినప్పుడల్లా పిల్లలకు ఒకటే చెప్పేవాడిని. ఇందులో ఉన్న ప్రతి అంకె కోసమూ ఎక్కడో ఒకటి విరిగింది, దాన్ని ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చారు, అందుకే మీరు ఈ కప్పు కింద నిశ్చింతగా కూర్చున్నారు. వాళ్లు తలెత్తి లాబ్ రేకుల వైపు చూసేవాళ్లు.